సూదమ్మ దించిన ముళ్లు

అనగనగా ఒక అడవిలో, వెదురుపొదల నడుమ ఒక బొరియలో, సూదమ్మ అనే ముళ్లపంది కాపురం ఉండేది. దానికి ఒక్కగానొక్క కూతురు. పేరు మొలక. ముళ్లపందుల సంగతి మీకు తెలుసుగా! భయం వేస్తే చాలు, వెనక్కి తిరిగి, ఒంటిమీది ముళ్లన్నీ నిక్కబొడిచి గలగలలాడిస్తాయి. ఎంతటి పులైనా ఆగిపోవాల్సిందే. సూదమ్మకు తెలిసిన విద్య అదొక్కటే.

ఒకసారి మొలక కడుపులో గడ్డ లేచింది. పిల్లకు తిండి సయించడం మానేసింది. సూదమ్మ దాన్ని కొండ మీద వైద్యం చేసే ఎలుగుబంటి దగ్గరికి తీసుకెళ్లింది. ఎలుగుబంటి మెల్లగా తడిమి చూశాడు.

"అమ్మా, ఇది క్యాన్సర్," అన్నాడు.

ఆ తర్వాత ఆయన చాలా చెప్పాడు. కానీ ఆ ఒక్క మాట విన్నాక సూదమ్మ చెవుల్లోకి ఇంకేమీ ఎక్కలేదు. ఊరికే తలూపింది. ఇచ్చిన చేదుమందు పట్టుకుని ఇల్లు చేరింది.

మందు మొదలైంది. కొన్నాళ్లకు మొలక ముళ్లు రాలసాగాయి. పొద్దున లేస్తే పక్కనిండా ముళ్లే! సూదమ్మ గుండె జారిపోయింది. ముళ్లు లేని ముళ్లపందిని ఈ అడవి బతకనిస్తుందా? కూతుర్ని బొరియ లోపల దాచి, తను గుమ్మంలో వీపు బయటికి పెట్టి కూర్చుంది.

ముందుగా కుందేలు వచ్చింది.

"వదినా! మొలకకు లేత దుంపలు తెచ్చాను. నువ్వు కాసేపు నడుం వాల్చు, పిల్లను నేను చూసుకుంటాలే."

సూదమ్మ ముళ్లు గలగలమన్నాయి. పాపం కుందేలు, దుంపలు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

తర్వాత కొమ్మ మీద కాకి వాలింది.

"అది అంటురోగమట! పిల్లలెవరూ అటు పోకండి!" అని అడవంతా వినబడేలా అరిచింది.

ఆ వెనకే నక్క వచ్చి రాయి చాటున నిలబడింది.

"ఓ సూదమ్మా! ముళ్లు రాల్చింది ఆ మందే. పారబొయ్యి! నా దగ్గరో వేరుంది. చిటికెలో నయం. బదులుగా ఆ దుంపలిచ్చెయ్, చాలు!"

చూశారా పిల్లలూ! దగ్గరికొచ్చి సాయపడదామన్న కుందేలును ఆ ముళ్లు ఆపేశాయి. దూరం నుంచి అరిచేవాళ్ల మాటల్ని మాత్రం ఆపలేకపోయాయి. నక్క మాట చెవిలో గింగురుమంటుంటే, సూదమ్మ మందు పారబోద్దామని దొప్ప ఎత్తింది.

"ఆగు చెల్లీ!"

వచ్చింది అలుగు. దాని ఒంటినిండా గట్టి పెంకులే. సూదమ్మ గబుక్కున ముళ్లు నిక్కబొడిచింది. అవి పెంకులకు తగిలి టకటకమన్నాయి, అంతే. అలుగు అక్కడే చతికిలబడింది.

"నీ ముళ్లు నన్నేం చెయ్యవు గానీ, నువ్వు దించేదాకా ఇక్కడే ఉంటా. మా బుజ్జిదానికీ ఇదే జబ్బు వచ్చింది. కుందేలు చెబితే వచ్చాను," అంది.

లోపల్నుంచి మొలక సన్నగా పిలిచింది. "అమ్మా, నా ముళ్లు మళ్లీ వస్తాయేమో ఆ పెద్దమ్మను అడగవూ?"

ఆ మాటకు సూదమ్మ ముళ్లు ఒక్కొక్కటే వాలిపోయాయి. ఇన్నాళ్లకు సూదమ్మ బయటివైపు ముఖం తిప్పింది.

"అక్కా, వైద్యుడు చెప్పిందేదీ నాకు వినబడలేదు. నాకేమీ తెలీదు," అని భోరుమంది.

"ఆరోజు నాకూ వినబడలేదులే. మా పిల్ల సంగతైతే నేను చెబుతాను. నీ పిల్ల సంగతి ఆయన్నే అడగాలి. పద, నేనూ వస్తా," అంది అలుగు.

మొలకకు తోడుగా కుందేలును పిలిచి కూర్చోబెట్టి ఇద్దరూ కొండెక్కారు.

"ముళ్లెందుకు రాలుతున్నాయి?" అని అడిగింది సూదమ్మ.

"మందు వల్లే. మందు పూర్తయ్యాక మళ్లీ మొలుస్తాయి. మధ్యలో మాత్రం ఆపకు."

"ఇది అంటుకుంటుందా?"

"అంటుకోదు."

మూడో ప్రశ్న సూదమ్మ తల వంచుకుని అడిగింది. "నేనేమైనా తప్పు చేశానా తాతా?"

"లేదు తల్లీ. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. పిల్లకు జ్వరమొస్తే వెంటనే తీసుకురా. అర్థం కాకపోతే ఎన్నిసార్లైనా అడుగు, నేను విసుక్కోను."

సూదమ్మ గుండెల మీంచి బండ దించినట్లయింది. ఆరోజు కడుపునిండా తింది.

ఆ తర్వాత కుందేలు, అలుగు వంతులేసుకుని మొలక దగ్గర కూర్చునేవి. అలుగు కూతురు రోజూ ఆటలకు వచ్చేది. కాకి మళ్లీ నోరు తెరిస్తే, "అంటుకోదూ!" అని పిల్లలిద్దరూ ఒక్కసారే అరిచేవాళ్లు. నక్క వేరు నక్క దగ్గరే మిగిలిపోయింది.

మందు చాలాకాలం సాగింది. నవ్విన రోజులున్నాయి, ఏడ్చిన రోజులూ ఉన్నాయి. చివరికి ఎలుగుబంటి తడిమి చూసి, "గడ్డ లేదమ్మా! అప్పుడప్పుడు తెచ్చి చూపిస్తూ ఉండు," అన్నాడు.

సూదమ్మ కూతుర్ని గట్టిగా హత్తుకుంది. చెంపకు చురుక్కున ఏదో గుచ్చుకుంది. చూస్తే, కొత్త ముల్లు!

"అబ్బా!" అంటూనే సూదమ్మ నవ్వేసింది. "ఏదీ, ఇంకోసారి గుచ్చవే నా తల్లీ!"

నీతి: పిల్లల జబ్బును దాచుకుని ఒంటరిగా భయపడకూడదు, తెలిసినవాళ్లను అడగాలి, తోడు వచ్చినవాళ్లను దగ్గరికి రానివ్వాలి.