రెండు వసతిగృహాలకు ఒకే నియమం

ఎవరేమడిగినా పరాంకుశం మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. చేతిలో ఉన్న పనిలోకి వాళ్లనూ లాగుతారు. ఆయన దగ్గర చదువుకుంటున్న హైమ ఒక ఉదయం అడిగింది: “మాస్టారూ, అమెరికాలో రాష్ట్రాలే ముందు పుట్టి కేంద్రాన్ని ఏర్పరచుకున్నాయి. మన దగ్గర రాష్ట్రాల హద్దుల్ని పార్లమెంటు మార్చగలదు. జర్మనీలో కేంద్రం చేసిన చట్టాలను చాలావరకు రాష్ట్రాలే అమలు చేస్తాయి. వీటిలో ఏది మేలు?”

మాస్టారు వలస కూలీల ఆడపిల్లల కోసం రెండు వసతిగృహాలు నడిపేవారు. ఒకటి కొండ మీద, ఒకటి టౌన్లో. తన ఆఫీసు అనుమతి లేనిదే ఏ పిల్లనూ గేటు దాటించకూడదని రెండింటికీ ఒకే నియమం. ఆ ఉదయం వార్డెన్లిద్దరూ వచ్చి కూర్చున్నారు.

“వానకు ఫోన్లు పనిచేయలేదు. మీ అనుమతి కోసం చూస్తూ కూర్చున్నాను. ఈలోగా జ్వరం ముదిరి పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఇంకా ఆస్పత్రిలోనే ఉంది,” అంది కొండ మీద పనిచేసే లింగమ్మ. “ఇక మిమ్మల్ని అడగను మాస్టారూ. ఉద్యోగం తీసేస్తే తీసేయండి.”

“అడక్కుండా పంపినదాన్ని నేనున్నాగా,” అంది టౌన్ వార్డెన్ ఆదిలక్ష్మి. “ఒకడొచ్చి మేనమామనన్నాడు. పిల్ల కూడా మామయ్యా అంటూ ఎదురెళ్లింది. తీరా చూస్తే ఎవరింట్లోనో పనికి పెట్టడానికట. బస్టాండులో పట్టుకోబట్టి సరిపోయింది. ఆ పెత్తనం నాకొద్దు.”

“నువ్వోసారి కొండెక్కి చూడు, తెలుస్తుంది.”

“నువ్వు దిగిరా, బస్టాండు చూపిస్తా.”

మాస్టారు హైమ చేతికి కాగితమిచ్చి నియమం మార్చి రాయమన్నారు. ఆమెకది సులువుగానే తోచింది. పిల్లకు జబ్బు చేస్తే నిర్ణయం వార్డెన్‌ది, ఇంటికి పంపాలంటే ఆఫీసుది. రాసింది చదివి వినిపించింది.

లింగమ్మ తలూపింది. ఆదిలక్ష్మి మాత్రం, “పిల్లకు జ్వరమొచ్చింది. ఆస్పత్రికి నేను తీసుకెళ్తానని మేనమామ వచ్చి నిలబడ్డాడు. నేను పంపిద్దామంటాను, ఆఫీసు వద్దంటుంది. అప్పుడో?” అంది.

హైమ ‘వార్డెన్’ అని రాసి కొట్టేసింది. ‘ఆఫీసు’ అని రాసి, లింగమ్మ ముఖం చూసి, అదీ కొట్టేసింది.

“ఎలా రాసినా ఎవరో ఒక పిల్ల నియమానికి అందకుండా మిగిలిపోతోంది మాస్టారూ.”

“మిగులుతుంది. నువ్వడిగిన మూడు దేశాల్లోనూ అంతే. ఆ పిల్ల విషయంలో వీళ్లకూ నాకూ మాట కలవకపోతే, మేమంతా ఎవరి మాట వినాలో ముందు అది రాయి,” అన్నారు మాస్టారు. “తొందరగా రాయి. లింగమ్మ బస్సుకు వేళవుతోంది.”