మౌలాబీ పిండి

జిలానీ వంటింటి తలుపు గడియ వేసుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి, కొండమీది తకియాకు వచ్చినవాళ్ళు ఉత్త కడుపుతో దిగిపోతున్నారు.

తకియా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. సత్తార్ షా బాబా ఉండే రాతి గది, ముందు ఒక పంచ, పక్కన వంటిల్లు, అంతే. కొండెక్కి వచ్చినవాళ్ళకు, ఎవరు ఏమిటని అడక్కుండా వేడివేడి పొంగు రొట్టెలు పెట్టడం అక్కడి ఆనవాయితీ. పులిసిన గోధుమపిండిని ఉండలుగా తుంచి, అరచేత్తో వత్తి, నూనెలో వేస్తే బూరెల్లా ఉబ్బేవి. పైన కరకర, లోపల దూది.

ఆ పని జిలానీది. భార్య మౌలాబీ విషజ్వరంతో పోయాక ఇల్లు వదిలేసి వచ్చి బాబాకు శిష్యుడయ్యాడు. వస్తూ వస్తూ ఒక్క జాడీ మాత్రం తెచ్చుకున్నాడు. పిండిని పులియబెట్టడానికి ఏళ్ళ తరబడి ఆమె చావనివ్వకుండా కాపాడుకొచ్చిన పులుపు ముద్ద అందులో ఉంది. రోజూ దాన్ని కొత్త పిండిలో కలిపేవాడు. పొంగిన పిండిలోంచి పిడికెడు తీసి మళ్ళీ జాడీలో దాచేవాడు. ఆమె ఎలా చేసేదో అలాగే.

ఆ వానాకాలం మబ్బు కొండను వదల్లేదు. పట్టపగలే పంచలో ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం జిలానీ పిండి పిసికి, తడిచేత్తో నున్నగా నిమిరి, గుడ్డ కప్పి, కట్టెల కోసం వెళ్ళాడు. తిరిగొచ్చి గుడ్డ తీస్తే పిండి గంగాళం అంచుదాకా పొంగి ఉంది. దాని నడుమ వేళ్ళ గుర్తులు.

ఏ పిల్లో పందికొక్కో అనుకోవడానికి లేదు. మనిషి వేళ్ళే. చిటికెన వేలి గుర్తు పక్కకు వంగి ఉంది. మౌలాబీ చిటికెన వేలు చిన్నప్పుడెప్పుడో రోకలి కింద నలిగి, అలాగే వంకరగా అతుక్కుంది.

మర్నాడు జిలానీ తలుపు గడియ పెట్టి, గంగాళం ఎదురుగా కూర్చున్నాడు. లోపల తనొక్కడే. గుడ్డ మెల్లగా పైకి లేచింది. పిండి పొంగితే లేస్తుంది, అందులో వింతేమీ లేదు. కాసేపటికి ఆ గుడ్డ నడుమ చిన్నగా గుంట పడింది. ఎవరో పైనుంచి నొక్కినట్టు. గదిలో ఆముదం వాసన, ఆమె జడ వాసన.

ఇక ఆ పిండిని తుంచడానికి అతనికి చేతులు రాలేదు. తలుపేసుకుని దానితో కబుర్లు చెప్పేవాడు. బయట ఎవరైనా పిలిస్తే, "ఈ పూట రొట్టెలు లేవు, వెళ్ళిరండి" అనేవాడు.

పిండి మాత్రం ఆగలేదు. పొంగి పొంగి గంగాళం అంచు దాటి నేలమీదికి జారింది. జారి తలుపు వైపు సాగింది. అతను ఎత్తి మళ్ళీ గంగాళంలో వేస్తే, మళ్ళీ తలుపు వైపే. పిండి లోపల్నుంచి సన్నగా మూలుగు వినబడసాగింది. అది విన్నాక జిలానీకి భయం పుట్టింది. తడబడుతూ గురువు దగ్గరికి వెళ్ళాడు.

"బాబా, మౌలాబీ వచ్చింది."

బాబా చేతిలో తస్బీ పూసలు ఆగాయి. "ఎక్కడికి?"

"పిండిలోకి."

బాబా నవ్వలేదు. "ఏమన్నా అడిగిందా?"

"అడగదు. మూలుగుతుంది. నాకు భయమేస్తోంది బాబా. అలాగని వదిలి ఉండలేను. ఏదన్నా చదివి ఆమెకు శాంతి చెయ్యండి."

బాబా ఏమీ చదవలేదు. లేచి పంచ దాటి వచ్చాడు. అక్కడ గొర్రెలకాపరులు, కట్టెలమ్ముకునే వీరమ్మ, ఇంకా ఎవరెవరో వానకు తడిసి వణుకుతూ కూర్చున్నారు. వాళ్ళను చూస్తూనే వంటింట్లోకి అడుగుపెట్టాడు.

గుడ్డ తీసి చాలాసేపు చూశాడు. తర్వాత కండువా తలమీదికి లాక్కుని, కొత్తగా వెళ్ళిన ఇంట్లో ఇంటావిడకు పెట్టినట్టు సలాం పెట్టాడు.

బాబా పొయ్యి వెలిగించాడు. మూకుడు పెట్టి నూనె పోశాడు. నూనె కాగాక, సరిగ్గా ఆ వేళ్ళ గుర్తులున్న చోటే చెయ్యి పెట్టి పిండి తుంచబోయాడు.

జిలానీ ఆయన మణికట్టు పట్టేసుకున్నాడు. "అది ఆమె చెయ్యి బాబా!"

"అవును" అన్నాడు బాబా. "ఇంట్లో కూడా ఇలాగే నొక్కి చూసేదా?"

"రోజూ. పొంగిందో లేదో చూసి, ఇంక పొయ్యి వెలిగించు అనేది."

"మీ ఇంట్లో తినేవాళ్ళు ఎక్కువా?"

"దారిన పోయేవాళ్ళనందరినీ పిలిచేది."

"తను ఎప్పుడు తినేది?"

జిలానీ ఆలోచించాల్సిన పని లేకపోయింది. "చివర్న. అందరూ తిన్నాకే."

బాబా అతని కళ్ళలోకి చూశాడు.

"మరి ఇన్నాళ్ళూ నువ్వు ఎవరికీ పెట్టలేదే."

జిలానీ పట్టు సడలింది. బాబా పిండి తుంచి అతని చేతిలో పెట్టి, బయటికి వెళ్ళి జనంతో పాటు బంతిలో కూర్చున్నాడు.

జిలానీ వత్తాడు, నూనెలో వేశాడు. కళ్ళు మసకబారుతున్నా వాయి మీద వాయి తీశాడు. వీరమ్మకు పెట్టాడు, కాపరులకు పెట్టాడు, బాబాకు పెట్టాడు. చాలు చాలనేదాకా కొసరి కొసరి వడ్డించాడు. జాడీలోకి పిడికెడు తీసి దాచాక, ఇంకొక్క రొట్టెకు సరిపడా పిండి మిగిలింది.

దాన్ని అన్నిటికంటే నెమ్మదిగా, ఎర్రగా వేయించాడు. విస్తరాకులో పెట్టి, పొయ్యి పక్కన నేలమీద ఉంచాడు. తను గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.

కాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత వీపు వెనక, కరకరలాడే రొట్టెను తుంచిన చప్పుడయింది. మళ్ళీ తుంచిన చప్పుడు. గాజులు సన్నగా కదిలాయి.

జిలానీ వెనక్కి తిరగలేదు. చెంపల మీదుగా నీళ్ళు కారుతుంటే కదలకుండా కూర్చున్నాడు.

బయట పంచలోంచి, మబ్బులోంచి, బాబా గొంతు వినిపించింది.

"జిలానీ, మంచినీళ్ళు కూడా పెట్టు నాయనా. గబగబా తింటోంది. పొలమారుతుంది."