పంక్తి చివర మొదటి ముక్క

ఈ మధ్య నాకు ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ గుర్తొస్తున్నాయి. రెండో రొట్టెను మొదటే కాల్చేస్తానేమో, కాస్త చూసుకుంటూ చదవండి. సంగతి మాత్రం ఇదే.

ఇందుమతికి వచ్చిన చిక్కేమిటంటే, ఆమె చేసిన రొట్టె పొంగలేదు.

కాకినాడలో ఇరవై ఏళ్లు బేకరీ నడిపిన మనిషి ఆమె. ఆమె చేతి కేకు లేకుండా ఆ పేటలో పుట్టినరోజు జరిగేది కాదు. అలాంటిది బేకరీ అమ్మేసి, అల్మోరా దాటాక కొండమీద తెలుగువాళ్ల చిన్న ఆశ్రమంలో, దాన్ని నడిపే విరజమ్మగారి దగ్గర శిష్యురాలిగా చేరింది. అన్నీ వదిలేశాననే అనుకుంది. చేతి పనితనం మీద గర్వం మాత్రం మూటలో ఎక్కడో అడుగున ఆమెతోనే వచ్చింది.

ఒక పౌర్ణమికి ఎవరో భక్తులు కింద ఊరి నుంచి పెద్ద అరటిగెల తెచ్చారు. తిన్నవి తినగా మిగిలినవి మూడు రోజుల్లో నల్లబడి మెత్తబడ్డాయి. విరజమ్మగారు ఒక పండు ఒలిచి చూసి అన్నారు:

“ఇందూ, వీటితో రొట్టె చెయ్యవే. సాయంత్రం పంక్తిలో అందరూ తినాలి. గోమతి కూడా.”

గోమతి ఆశ్రమానికి కట్టెలు కొట్టే కొండమనిషి. అమ్మల మధ్య తిరిగి తెలుగు నేర్చుకుంది. ఆమెకు గోధుమ పడదు. నాలుగేళ్ల కిందట ఎవరో పెట్టిన హల్వా తిని, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతే డోలీలో కొండ దించారు. జన్మలో గోధుమ ముట్టొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచీ పంక్తిలో అందరూ రొట్టెలు తింటుంటే ఆమె ఉడకేసిన ఆలుగడ్డలు తినేది.

“గోధుమ లేకపోతే దేంతో చెయ్యనమ్మా?”

“కుట్టు పిండి ఉందిగా.”

ఆ కొండల్లో పండే గింజ అది. అక్కడ ఉపవాసాలకు వాడతారు. మన బజార్లో బక్‌వీట్ అంటున్నారిప్పుడు. నల్లని చుక్కలతో, బూడిదరంగులో ఉంటుంది ఆ పిండి.

“గుడ్డు ఎలాగూ లేదు. పాలో?”

“ఆవు ఈని పది రోజులే కదే అయింది. నలభై రోజులూ పాలు దూడవి.”

“గుడ్డు లేదు, పాలు లేవు, గోధుమ లేదు. ఇంక దేన్ని పట్టుకుని లేస్తుందమ్మా రొట్టె?”

“నాకేం తెలుసు? బేకరీ నడిపింది నువ్వు,” అని విరజమ్మగారు దూడ దగ్గరికి వెళ్లిపోయారు.

ఇందుమతి పళ్లు పిసికింది. బెల్లం తరిగి వేసింది. వేరుశనగ నూనె, వంటసోడా, నిమ్మరసం, నాలుగు అక్రోట్లు. కుట్టు పిండి కలిపి, ఇసుక పోసిన పెద్ద గుండిగలో పెట్టి కాల్చింది. గంట తర్వాత మూత తీస్తే లోపల చదునుగా, నల్లగా, నెర్రెలిచ్చి ఉందది.

గోమతి కట్టెల మోపు దించి తొంగి చూసింది.

“దీదీ, ఇది నోట్లో పెట్టాలా, పొయ్యిలో పెట్టాలా? పిడకలాగ ఉంది.”

వంటింట్లో కూరలు తరుగుతున్నవాళ్లంతా నవ్వారు. గోమతి కూడా నవ్వింది, ఏ కల్మషమూ లేకుండా. ఇందుమతి నవ్వలేదు. ఆ రొట్టెను పళ్లెంతో సహా తీసుకెళ్లి, ఆవుకు పెడదామని కొట్టంలో చూరు కింద ఎత్తున పెట్టేసింది.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక మళ్లీ వంటింట్లోకి వచ్చింది. ఈసారి పళ్లు ఎక్కువ వేసింది. పిండి కలుపుతూ అటకవైపు చూసింది. పండుగకి బిస్కట్లు చేద్దామని కాకినాడ నుంచి తెచ్చుకున్న మైదా డబ్బా అక్కడుంది. మైదా అంటే గోధుమే.

ఒక్క గుప్పెడు. గుప్పెడు పిండి పదమూడు ముక్కల్లో పడితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది? అయినా నాలుగేళ్ల నాటి మాట. అంత ఆరోగ్యంగా కట్టెలు కొట్టే మనిషికి రోగమేమిటి? ఊరికే అలవాటైన భయం. ఇలా అనుకుంటూనే గుప్పెడు వేసింది. ఇంకో గుప్పెడు కూడా వేసింది.

రొట్టె లేచింది. బంగారు రంగు తిరిగి, నడుమ గుమ్మటంలా పొంగింది. ఆ వాసనకి పడుకున్నవాళ్లు లేచి వచ్చారు.

“చూశావా నీ పిడక?” అంది ఇందుమతి.

“అబ్బ! నీ చేతిలో మంత్రముంది దీదీ,” అని గోమతి చెంపలు వాయించుకుంది.

ఆ ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. వండినవాళ్లు రుచి చూడకూడదు. వడ్డించే ముందు, పంక్తి చివర కూర్చున్నవాళ్ల నోట్లో వండినామే తన చేత్తో మొదటి ముద్ద పెట్టాలి. తర్వాతే మిగతావాళ్లు తినాలి. ఆ చివరి చోటు, గోడవారన, ఎప్పుడూ విరజమ్మగారిది. ఆకలిగా ఉన్నవాళ్లు ముందు కూర్చోండి, నాకు తొందరేముంది అనేవారు.

అందుకే ఇందుమతి ముందే అన్నీ ఊహించుకుంది. మొదటి ముక్క అమ్మ నోట్లో పెడుతుంది. అమ్మ కళ్లు మూసుకుని నములుతారు. ఆ ముఖం చూస్తే చాలు.

పొద్దు వాలింది. అందరూ వరసగా కూర్చున్నారు. విరజమ్మగారు వచ్చి తన చోటు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డారు.

“గోమతీ, ఇలా రా. నువ్వు ఆ గోడవైపు కూర్చో.”

“అది మీ చోటు కదమ్మా!”

“గోడ చల్లగా ఉందే. నా మోకాలికి పడటం లేదు. జరుగు.”

గోమతి మొహమాటపడుతూ వెళ్లి చివర కూర్చుంది. విరజమ్మగారు ఆమె పక్కన కూర్చుని కొంగు సర్దుకున్నారు.

ఇందుమతి పళ్లెం పట్టుకుని వచ్చింది. చివర ఎవరున్నారో అప్పుడు చూసింది.

గోమతి కళ్లు మూసుకుని, పిచ్చుకపిల్లలా నోరు తెరిచింది. “నాలుగేళ్లయింది దీదీ రొట్టె తిని. తొందరగా పెట్టు.”

ఇందుమతి ముక్క తీసింది. మెత్తగా, ఇంకా వెచ్చగా ఉంది. చెయ్యి సగం దూరం వెళ్లింది. మధ్యాహ్నం తను అనుకున్న మాటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. గుప్పెడే. పదమూడు ముక్కలే. ఊరికే భయమే. ఒక్క మాటైనా ఆ చేతిని ముందుకు కదపలేదు.

గోమతి ఒక కన్ను తెరిచింది. “ఏమైంది?”

“ఇది కాదు,” అంది ఇందుమతి. “దీంట్లో మైదా ఉంది. నేనే కలిపాను.”

గోమతి తెరిచిన నోరు మెల్లగా మూసింది. విరజమ్మగారు కోప్పడతారని అందరూ చూశారు. ఆవిడ పక్కనున్న చెంబు అందుకున్నారు.

“చేతులు పట్టవే.”

ఇందుమతి వంగి దోసిలి పట్టింది. విరజమ్మగారు సన్నటి ధారగా నీళ్లు పోశారు. వేళ్ల సందులూ, గోళ్లూ చూసి మరికాస్త పోశారు. తన కొంగుతోనే తుడిచారు.

“పొద్దుటిది ఏదీ?”

“అది... కొట్టంలో పెట్టానమ్మా. ఆవుకని.”

“ఆవు తినేసిందేమో చూసి రా.”

ఇందుమతి పరిగెత్తింది. ఆవు మెడ చాచి చూరువైపే చూస్తోంది, పాపం అందలేదు. రొట్టె తెచ్చి తుంచబోతే తెగలేదు. చివరికి పచ్చడిబండతో కొడితే ముక్కలైంది. అందులో ఒకటి ఏరి గోమతి నోట్లో పెట్టింది.

గోమతి నమిలింది. బుగ్గ మార్చి నమిలింది. అందరూ ఆమె దవడ వైపే చూస్తున్నారు.

“ఎలా ఉందే?” అన్నారు విరజమ్మగారు.

“తియ్యగా ఉందమ్మా. కానీ చాలాసేపు నమలాలి.”

“మనకింతకన్నా ఏం పనుందిప్పుడు?” అని విరజమ్మగారు అరచెయ్యి చాపారు.

చంద్రుడు కొండ మీదికి వచ్చేదాకా ఆ పదమూడు మందీ నములుతూనే ఉన్నారట. ఆలుగడ్డలు ఉడకేయని పంక్తి నాలుగేళ్లలో అదొక్కటే. మైదా రొట్టె మర్నాడు సామాన్ల జీపు డ్రైవరుకిచ్చారు. అంత మంచి రొట్టె తన పెళ్లిలో కూడా తినలేదన్నాడతను. ఇందుమతి డబ్బా కూడా అతనికే ఇచ్చేసింది.

వారం రోజులకి గోమతే అవిసె గింజలు తెచ్చింది. నూరి నీళ్లలో నానేస్తే జిగురు కడుతుందని, దెబ్బలకి వాళ్లమ్మ దాంతోనే కట్టుకట్టేదని చెప్పింది. ఆ జిగురు పోసి, పిండిని కలిపాక కాసేపు ఊరనిచ్చి కాలిస్తే, కుట్టు రొట్టె రెండు వేళ్ల ఎత్తు లేచింది. అంతకు మించి లేవలేదు. ఇందుమతి కూడా లేవమని అడగలేదు.

మరుసటి పౌర్ణమి దగ్గరపడుతుండగా, విరజమ్మగారి కాళ్లకి నూనె రాస్తూ ఇందుమతి అడగలేక అడిగింది.

“అమ్మా, ఆ రోజు మీకు ముందే తెలుసా?”

“ఏది?”

“మైదా సంగతి.”

“గోడ చల్లగా ఉందే,” అన్నారు ఆవిడ.

పౌర్ణమి వచ్చింది. ఆ సాయంత్రం పైకొండల మీద మంచు పడింది. నీళ్ల బిందె మీద పలచగా పొర కట్టింది. ఇందుమతి పళ్లెంతో పంక్తి దగ్గరికి వచ్చేసరికి, విరజమ్మగారు తన పాత చోటులో, ఆ గోడకే వీపంతా ఆనించి, హాయిగా కూర్చుని ఉన్నారు.

ఇందుమతి గోడవైపు చూసింది. ముక్క తుంచి అమ్మ నోటికి అందించింది. అమ్మ ఎంతసేపు నమిలారో, ముఖం ఎలా పెట్టారో ఆమె చూడనే లేదు. అప్పటికే రెండో ముక్కతో గోమతి దగ్గరికి వెళ్లిపోయింది.

శేషూ, దీన్ని సాపు రాసేది నువ్వే, పైగా ఆ ఏడు అక్కడే ఉన్నావు కదే. పేర్లు ఓసారి చూసిపెట్టు. ఇందుమతో హైమవతో నాకు కాస్త అనుమానం. తప్పయితే దిద్దెయ్యి. గోమతి పేరు మాత్రం ఒకటికి రెండుసార్లు చూడు.