దొరగారి వానపాము

వెనకటి రోజుల్లో జగ్గభూపతి అని ఒక దొర ఉండేవాడు. తన పొలం మీదుగా పోయే గాలి కూడా తనదేనని ఆయన నమ్మకం.

ఒకనాడు నూకాలు ఇంటికి కొత్తల్లుడు వచ్చాడు. కూరకేమీ లేదు. ఆమె దొర పొలం గట్టున నాలుగు వానపాములు తవ్వుకుని ఏట్లో గాలం వేసింది. మూరెడు కొర్రమీను పడింది. అది పట్టుకుని ఒడ్డెక్కేసరికి ఎదురుగా దొర, ఆయన వెనక బంట్రోతులు.

"చేప అక్కడ పెట్టు" అన్నాడు దొర.

"ఏరు ఊరందరిదీ కదా దొరా?"

"ఏరు ఊరిదే. కానీ ఆ చేప తిన్నది నా పొలంలో వానపామును. నా సొమ్ము తిన్నది ఏదైనా నాదే. అదీ న్యాయం."

బంట్రోతులు తలలూపారు. నూకాలు కూడా ఊపింది.

"న్యాయమే దొరా. మరి ఆ వానపాము ఏం తిని బలిసింది?"

"ఏముంది, పెంట."

"ఆ పెంట మా గేదెది. ఏటా ఎండాకాలం మా పెంటకుప్ప తమరి పొలానికే కదా తోలించుకుంటారు. నా సొమ్ము తిన్న వానపాము నాదైతే, చేపా నాదే."

దొర బంట్రోతుల వైపు చూశాడు. బంట్రోతులు ఈసారి తలలు కదపలేదు.

నూకాలు చేపను కొంగులో చుట్టుకుంటూ దొరను కిందనుంచి పైదాకా చూసింది.

"ఆ పెంటతోనే తమరి వరీ పండింది. ఆ అన్నం తినే తమరు ఇంతయ్యారు. ఆ లెక్కన తమరూ నా సొమ్మే. కానీ మాది చిన్న పాక, పైగా అల్లుడొచ్చి ఉన్నాడు. తమర్ని ఎక్కడ పెట్టుకోను? ఈ పూటకి చేప చాల్లెండి."