ఎలుగుబంటి ఎత్తుకొచ్చిన ఆంప్లిఫయర్

నల్లమద్ది అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ఒక పెద్దపులి, బోలెడు కోతులు ఉండేవి. కోతుల్ని లెక్కపెట్టినవాళ్ళు లేరు. వానాకాలం వస్తే ఆ అడవికి ఒకటే సరదా. ప్రతి ఆదివారం గుబురయ్య అనే ఎలుగుబంటి గుహలో సినిమా వేసేవారు.

ఆ గుహలో రెండు చిన్న స్పీకర్లు ఉండేవి. గుబురయ్య తల్లి భీమమ్మ వయసులో ఉన్నప్పుడు వాటిని కొండ కింద నుంచి వీపున మోసుకొచ్చింది. ఇప్పుడు ఆవిడకు కళ్ళు కనబడవు. ఒక్క చెవి కాస్త పనిచేస్తుంది. ఆ స్పీకర్ల పక్కన కూర్చుని పాటలు వినడమే ఆవిడకు మిగిలిన సంతోషం.

ఒకనాడు పాత ఆంప్లిఫయర్ పాడైపోయింది. ఆంప్లిఫయర్ అంటే స్పీకర్లకు బలమిచ్చే పెట్టె. అది లేకపోతే స్పీకరు ఉత్త డబ్బా.

గుబురయ్య సంతకు బయలుదేరాడు. పొరుగున ఉండే ముళ్ళపంది సూరమ్మ ఎదురొచ్చింది. ఆమె కూడా తన స్పీకర్లకు ఆంప్లిఫయర్ కొనాలనే వెళ్తోంది.

"అన్నా, నీ స్పీకర్ల వెనక యాభై వాట్లు, ఎనిమిది ఓములు అని రాసుంది. ఆ అంకెలకు సరిపడే పెట్టె తెచ్చుకో" అంది.

"చాల్లే సంబడం! నేను చేత్తో ఎత్తి చూస్తాను. బరువుంటే సరుకున్నట్టే" అన్నాడు గుబురయ్య.

సూరమ్మ తన స్పీకర్ల అంకెలు చెప్పి, వాటికి తగ్గ పెట్టె తీసుకుంది. గుబురయ్య దుకాణంలోని పెట్టెలన్నీ ఎత్తి ఎత్తి చూశాడు. అన్నిటికన్నా బరువైనదాన్ని భుజానికెత్తుకున్నాడు. అది ఊరేగింపుల్లో వాడేది. ఐదువందల వాట్లు.

అది చూసి సూరమ్మ గుండె బాదుకుంది.

"ఓరి దేవుడా, పదింతలు! సరే, తెచ్చావు కదా. దాని శబ్దం పెంచే గుండీ కొంచెమే తిప్పు. ఎక్కువ తిప్పావంటే స్పీకర్లు చిరిగిపోతాయి."

"కొంచెం తిప్పడానికా నేనింత బరువు మోసింది?" అన్నాడు గుబురయ్య.

ఆదివారం వచ్చింది. బయట వాన దంచి కొడుతోంది. ఎన్నడూ రాని పెద్దపులి కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. గుబురయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తల్లిని స్పీకరు పక్కన కూర్చోబెట్టాడు.

"చూడవే అమ్మా, ఈరోజు నీ రెండో చెవి కూడా తెరుచుకుంటుంది" అని గుండీని చివరిదాకా తిప్పేశాడు.

మొదటి డప్పు దెబ్బకు గుహ అదిరింది. గబ్బిలాలు గోలగా ఎగిరిపోయాయి. రెండో దెబ్బకు ఫట్‌మని రెండు స్పీకర్లూ చిరిగాయి. కాలిన కంపు వచ్చింది. ఆపైన అంతా నిశ్శబ్దం.

పులి ఆవులించి లేచింది. "సూరమ్మ ఇంట్లో చక్కగా వినిపిస్తోందట, పదండి" అన్నాయి కోతులు. ఒక్కొక్కరే జారుకున్నారు. ఆనాటి నుంచి సినిమా సూరమ్మ ఇంట్లోనే.

ఆ ఆదివారం గుహలో తల్లీకొడుకులిద్దరే మిగిలారు. భీమమ్మ చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, చిరిగిన స్పీకరు వైపు వంగి కూర్చునే ఉంది.

"ఇంకా మొదలుపెట్టలేదా, నాయనా?" అని అడిగింది.



నీతి: మన దగ్గర ఎంత బలముందని కాదు, అవతలివాళ్ళు ఎంత తట్టుకోగలరో చూసుకోవాలి.