టముకు చాటు మాట

సోమయాజులుగారి వద్ద ఛందస్సు చదువుకొన్న శ్రీపతి, పట్నంలో ఇళ్లు కట్టి అమ్మే సంస్థకు ప్రకటనలు రాసే కొలువులో చేరాడు. ఏడాది తరువాత తన తొలి పద్యకావ్యానికి ఆశీస్సు కోరి వచ్చి, వ్రాతప్రతితో పాటు ఒక ప్రకటన కూడా గురువు ముందుంచాడు. “ముప్పై లక్షలకే సొంత ఇల్లు” అన్న పంక్తి అందులో అరచేతి ప్రమాణాన ఉంది.

“అయ్యా, రిజిస్ట్రేషను, నీటి కనెక్షను, బండి నిలిపే చోటు, అన్నీ వేరని అడుగున చిన్నక్షరాలలో వేశాము. ఇల్లు చేతికి వచ్చేసరికి నలభై దాటుతుంది, నిజమే. కాని అబద్ధమొక్కటీ రాయలేదు. అయినా కొన్నవారు నన్ను దూషిస్తున్నారు. నా దోషమేమిటి?”

గురువుగారు ఆ కాగితాన్ని అడుగుదాకా చదివి, తమ తాతగారి నాటి సంగతి ఒకటి చెప్పారు.

వారి ఊరిలో వార్తలు చాటే పోలయ్య ఉండేవాడు. టముకు మ్రోగించి, అది ఆగిన పిమ్మటనే మాట పలకడం అతని వంశాచారం. కొత్తపేటలో ఇళ్లు కట్టించిన షావుకారు ఒకడు అతనిని పిలిచి, “ధర చెప్పేటప్పుడు టముకు ఆపు. తక్కినది వాయిస్తూ చెప్పు” అన్నాడు. పోలయ్య అట్లే చేశాడు. “నూరు వరహాలకే ఇల్లహో!” అన్నది వీధివీధినా ఖంగున వినిపించింది. కప్పు వేరు, తలుపులు వేరు అన్నది మ్రోతలో మునిగిపోయింది.

భావనయ్య అనే నేతగాడు మగ్గం అమ్మి ఇల్లు కొన్నాడు. చేతికి వచ్చినవి నాలుగు మొండిగోడలు. తిన్నగా పోలయ్య గుమ్మానికి వచ్చాడు.

“ఆకాశాన్ని కప్పుగా వేసి అమ్మిన మొనగాళ్లు మీరేనయ్యా!”

“అన్నీ చెప్పాను భావనన్నా! టముకు మీద ఒట్టు.”

“చెప్పావులే. నాకు వినబడకుండా చెప్పావు.”

ఆ వానాకాలమంతా భావనయ్య పరుల మగ్గం మీద కూలికి నేశాడు. పోలయ్య మనసు విరిగి షావుకారు పని మానుకొన్నాడు. ఆపైన టముకును నేలపై దించి గాని నోరు విప్పలేదు. అయినా ఊరు మారిపోయింది. టముకు మ్రోగినంతసేపూ జనం మెడలు చాచి, దాని చాటున ఏముందోనని చెవులొగ్గేవారు. అది ఆగి, పోలయ్య మాట మొదలుపెట్టగానే లేచి వెళ్లిపోయేవారు.

శ్రీపతి తల వంచుకొన్నాడు. గురువుగారు కావ్యపు వ్రాతప్రతిని తీసి, మొదటి పుటను మెల్లగా నిమిరారు.

“పద్యాలు బాగుంటాయి, నాయనా, నాకు తెలుసు. కాని జనం ఇక వీటినీ అడుగునుండే చదువుతారేమో.”