దివానుగారి కండువా

మబ్బులు కొండమీదే కాపురం చేసే కాలంలో ఒక రాజాగారికి తెల్లటి కారుండేది. రోజూ సాయంత్రం అందులో కొండెక్కి, మంచులో తేలుతూ కలలు కనేవారు. ఈమధ్య ఎత్తు రాగానే ఇంజను టకటకా కొట్టుకుంటూ ఆ కలల్ని చెదరగొడుతోంది.

"పెట్రోల్లో కిరసనాయిలు కలుస్తోంది ప్రభూ," అన్నాడు డ్రైవరు అప్పలస్వామి.

పెట్రోలు గది తాళంచెవి దివానుగారి నడుముకే వేలాడుతుంది. ఆయన మండిపడ్డారు.

"నా పెట్రోలు గంగాజలం! వీడికి నడపడం చేతకాదు. ఇవాళే పంపించెయ్యండి."

రాజాగారికి ఎటూ తోచలేదు. ఉతికిన బట్టలు తెచ్చిన చాకలి సింహాచలమ్మ నెమ్మదిగా మూట దించింది.

"మహాప్రభో, పట్టుబట్ట మీది మరకల్ని మేం పెట్రోలుతోనే తుడుస్తాం. మంచి పెట్రోలైతే గాలికి ఆరిపోయి ఆనవాలు కూడా మిగలదు. కిరసనాయిలు కలిస్తే జిడ్డు పట్టేస్తుంది, ఎంత ఉతికినా పోదు. దివాను బాబుగారి కండువా ఇప్పించండి. కారులోంచి గిద్దెడు తీసి పోసి చూపిస్తాను," అంటూ మూటలోంచి గిద్ద గిన్నె తీసింది.

అది దసరాకి రాజాగారే కప్పిన జరీ పట్టు కండువా. దివానుగారు దాన్ని రెండు చేతులా గుండెలకి హత్తుకుని నాలుగడుగులు వెనక్కి వేశారు.

సింహాచలమ్మ చేతిలో గిద్ద ఇంకా ఖాళీగానే ఉంది.

రాజాగారు నవ్వారు. "కండువా ఆయనకే ఉండనీ అప్పలస్వామీ. తాళంచెవి నువ్వు తీసుకో."

టాంకు కడిగి మంచి పెట్రోలు పోశాక, కారు చప్పుడు లేకుండా మబ్బుల్లోకి తేలిపోయింది. కింద దారిలో, కండువా హత్తుకునే ఇంటికి నడుస్తున్న దివానుగారు చిన్న చుక్కలా కనిపించారు.